అనుకున్నదే తడవుగా అండమాన్: కుటుంబంతో వారాంతపు ప్రయాణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఎవరో "ఈ వారం సముద్రానికి పోదామా" అంటారు. శుక్రవారం పొద్దున పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటేసుకుని బయల్దేరిపోతారు. అలాంటి కుటుంబాల కోసమే ఈ జవాబులు. ఉన్న సమయం తక్కువ కాబట్టి ఏం చూడాలన్న దానికంటే ఏం వదిలేయాలన్నదే ఇక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. అన్నీ చూడాలని పరుగెత్తి, ఏ ఒడ్డునా గంటసేపు కూర్చోకుండా తిరిగొచ్చే కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

శని, ఆదివారాల్లో అండమాన్ వెళ్లి రావడం కుదురుతుందా?

కుదురుతుంది. కాకపోతే ఆ రెండు రోజులే ఉంటే పోర్ట్ బ్లెయిర్ దాటి వెళ్లకండి. 2024 సెప్టెంబర్‌లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. అందరి నోటా ఇంకా పాత పేరే ఉంది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను. సెల్యులర్ జైలు, రాస్ ద్వీపం, ఒక సాయంత్రం చిడియా టాపులో సూర్యాస్తమయం చూస్తే రెండు రోజులూ హాయిగా గడిచిపోతాయి. ఫొటోల్లో చూసి మనసు పారేసుకునే ఆ తెల్లటి ఇసుక తీరాలు కావాలంటే మాత్రం ఫెర్రీలో హావ్‌లాక్ ద్వీపానికి వెళ్లాలి. అందుకు శుక్రవారమో సోమవారమో ఒక్క రోజు సెలవు పెట్టాల్సిందే.

ఒక్క రోజు సెలవు దొరికితే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

చాలామంది మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్ చూసి, రెండో రోజు హావ్‌లాక్ వెళ్లి, మూడో రోజు పొద్దున ఫెర్రీలో తిరిగొచ్చి అదే రోజు విమానం ఎక్కుదామనుకుంటారు. ఇది చాలా టెన్షన్ పెట్టే ప్లాన్. సముద్రం కాస్త అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రద్దవుతుంది. విమానం మన కోసం ఆగదు.

దీన్ని తిరగేయండి. దిగిన రోజే హావ్‌లాక్ వెళ్లిపోండి. పొద్దున విమానంలో తొమ్మిది, పది గంటలకు దిగితే మధ్యాహ్నం ఫెర్రీ అందుతుంది. విమానాశ్రయం నుంచి హాడో జెట్టీకి అరగంట కూడా పట్టదు. అయినా విమానం దిగే సమయానికీ ఫెర్రీ బయల్దేరే సమయానికీ మధ్య మూడు గంటలైనా ఉండేలా చూసుకోండి. ఆ రాత్రి హావ్‌లాక్‌లో ఉండి, రెండో రోజు మధ్యాహ్నం దాకా అక్కడే గడిపి, సాయంత్రపు ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ చేరుకోండి. మూడో రోజు పొద్దున సెల్యులర్ జైలు చూసి విమానం ఎక్కండి. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. ఈ ఒక్క నియమం మాత్రం తప్పొద్దు.

ఏది ముందు బుక్ చేయాలి?

ముందు విమానం, ఫెర్రీలు ఒకేసారి చూడండి. మీ విమానం దిగే వేళకు సరిపడే ఫెర్రీలో ఇంట్లో అందరికీ సీట్లున్నాయని చూసుకున్నాకే విమానం టికెట్లకు డబ్బు కట్టండి. వెంటనే రెండు వైపులా ఫెర్రీ తీసేసుకోండి. హోటల్ చివర్లో చూసుకోవచ్చు, ఎక్కడో ఒకచోట గది దొరుకుతుంది. చాలామంది హోటల్ ఫొటోలు చూస్తూ ఒక పూట గడిపేస్తారు, ఈలోపు ఫెర్రీ సీట్లు అయిపోతాయి. డిసెంబర్ ఆఖరి వారం, సంక్రాంతి సెలవులు, వరుస సెలవులు కలిసొచ్చే వారాంతాల్లో అయితే అప్పటికప్పుడు బయల్దేరాలన్న ఆలోచనే మానుకోవడం మేలు.

హావ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలు నడుస్తాయి, ప్రభుత్వ ఫెర్రీలూ ఉన్నాయి. మక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ లాంటి ప్రైవేటు ఫెర్రీలు ఏసీవి, ఫెర్రీని బట్టి గంటన్నర నుంచి రెండున్నర గంటల్లో చేరుస్తాయి. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి బయల్దేరతాయి, రెండు గంటలు దాటుతుంది, చార్జీ చాలా తక్కువ. అవి ముందుగా ద్వీపాల్లో ఉండేవాళ్ల కోసం నడిచేవి. చివరి నిమిషంలో కుటుంబం మొత్తానికి వాటిలో సీట్లు దొరుకుతాయని నమ్ముకోవద్దు.

ఓడలో వెళ్లొచ్చా? విశాఖ నుంచి ఉందంటారు కదా?

ఉంది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం నుంచి ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. ఒకవైపుకే మూడు రోజుల దాకా పడుతుంది కాబట్టి వారాంతానికి పనికిరాదు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం సుమారు రెండున్నర గంటలు. మిగతా ఊళ్లవాళ్లకు చెన్నైలో మారడం సులువు.

పర్మిట్ కావాలా?

భారతీయులకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ ద్వీపాలకు వెళ్లడానికి పర్మిట్ అక్కర్లేదు. అప్పటికప్పుడు అనుకుని వెళ్లగలిగే ఉష్ణమండల ద్వీపంగా అండమాన్‌ను చెప్పడానికి పెద్ద కారణం ఇదే. లక్షద్వీప్ కూడా మనదే అయినా ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, కాబట్టి బుధవారం అనుకుని శుక్రవారం వెళ్లడం జరిగే పని కాదు. మీతో పాటు విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న బంధువులెవరైనా వస్తుంటే వాళ్ల నిబంధనలు వేరు. టికెట్లు తీసుకోకముందే కనుక్కోండి.

పెద్దవాళ్లందరికీ ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, పిల్లలకు ఆధార్ ఉంటే చాలు. రెండేళ్ల లోపు పాప ఉంటే వయసు చూపించడానికి జనన ధ్రువపత్రం పెట్టుకోండి. ఫెర్రీ టికెట్లు కూడా పేర్ల మీదే ఇస్తారు, ఎక్కేటప్పుడు కార్డు అడుగుతారు. కాగితం ప్రతులు ఒక కవర్లో పెట్టి చేతిసంచిలో ఉంచుకుంటే జెట్టీ దగ్గర ఫోన్ వెతుక్కునే పని ఉండదు.

అక్కడ అంత తొందరగా చీకటి పడుతుందా?

పడుతుంది, ప్లాన్ మొత్తాన్ని మార్చేసే సంగతి ఇది. మన దేశపు గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా వెళుతుంది. పోర్ట్ బ్లెయిర్ దానికి దాదాపు పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందుంటాడు, గడియారం మాత్రం మనదే. అందుకని వేసవిలో అయిదింటికే తెల్లారిపోతుంది, శీతాకాలంలో సాయంత్రం అయిదు దాటగానే చీకటి పడుతుంది. సెలవు కదా అని ఎనిమిదింటికి లేస్తే మూడు గంటల వెలుగు పోయినట్టే. పిల్లల్ని రాత్రి ఎనిమిదింటికే పడుకోబెట్టి, అయిదింటికి లేపేయండి. ఆ వేళ ఒడ్డున ఎండ ఉండదు, జనం ఉండరు.

హావ్‌లాక్‌లో ఉండేది ఒక్క సాయంత్రం, ఒక్క పొద్దుట. ఎక్కడికి వెళ్లాలి?

సాయంత్రం రాధానగర్, వేరే ఆలోచన వద్దు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి తీరమని రాసింది, 2020లో శుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపూ వచ్చింది. ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. జెట్టీ నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు. గదికి వెళ్లి సామాను సర్దుకుని, టీ తాగి బయల్దేరదామనుకుంటే సూర్యుడు దాటిపోతాడు. సామాను గదిలో పడేసి వెంటనే ఆటో ఎక్కండి.

అక్కడికి చేరాక ముందు ఎత్తైన సముద్రపు ఇప్ప చెట్ల కిందుగా నడవాలి. చెట్ల చీకటి దాటగానే ఒక్కసారిగా వెలుగు, విశాలమైన ఇసుక. నీరు వెనక్కి తగ్గిన వేళ వెళితే తడి ఇసుక మీద చిన్నచిన్న కంతలు, వాటి చుట్టూ గసగసాల్లా ఇసుక ఉండలు కనిపిస్తాయి. ఆ ఉండలు చేసేది వేలిగోరంత పీతలు. ఇసుకను నోట్లోకి తీసుకుని, అందులో తిండికి పనికొచ్చేది తీసుకుని, మిగిలింది ఉండ చేసి పక్కన పెడతాయి. మనం అడుగు వేస్తే కంతలోకి దూరిపోతాయి. రెండు నిమిషాలు కదలకుండా కూర్చుంటే మళ్లీ బయటికొచ్చి పని మొదలుపెడతాయి. ఫోన్ లేకుండా పిల్లలు అరగంట కూర్చోవడం చూడాలనుంటే ఇక్కడ చూడండి.

పొద్దున తూర్పు వైపున్న కాలాపత్థర్ తీరంలో సూర్యోదయం చూసి, తర్వాత ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లండి. అక్కడ ఒడ్డుకు దగ్గర్లోనే పగడపు దిబ్బలు ఉంటాయి, అద్దాలూ గొట్టమూ పెట్టుకుని నీళ్ల పైన తేలుతూ చూడొచ్చు. ఈత రానివాళ్లకు లైఫ్ జాకెట్ వేసి, పట్టుకోవడానికి రింగు ఇచ్చి, గైడే లాక్కెళతాడు. సాయంత్రం ఫెర్రీ ఉంది కాబట్టి మధ్యాహ్నానికల్లా గదికి వచ్చేయాలి.

నీల్ కూడా కలుపుకోవచ్చా?

మూడు రోజుల్లో వద్దు. నీల్ చక్కని ద్వీపం, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్ తీరాలు పేర్లతోనే మనవాళ్లను ఆకట్టుకుంటాయి. కానీ ఇంకో జెట్టీ, ఇంకో ఫెర్రీ, ఇంకో గది అంటే ఒక పూట పోయినట్టే. ఇంకో రెండు రోజులు కలిసొస్తే అప్పుడు వెళ్లండి.

స్కూబా డైవింగ్ చేసి మర్నాడే విమానం ఎక్కొచ్చా?

వారాంతపు ప్రయాణికులు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇదే, చాలామంది అడగరు. నీటి లోతుల్లో ఒత్తిడి ఎక్కువ. అక్కడ పీల్చే గాలిలోని నైట్రోజన్ మన ఒంట్లో మామూలుకంటే ఎక్కువగా కరుగుతుంది. పైకొచ్చాక అది నెమ్మదిగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే, అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి సోడా సీసా మూత తీసినట్టు బుడగలు లేస్తాయి. కీళ్ల నొప్పులతో మొదలై ప్రాణం మీదికి కూడా రావచ్చు.

అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విమానానికి దూరంగా ఉండాలన్నది డైవింగ్ నిపుణుల మాట. పూర్తిగా ఒక రోజు విరామం ఇస్తే ఇంకా మంచిది. పైన చెప్పిన ప్లాన్‌లో రెండో రోజు పొద్దున ఏడింటికి డైవ్ చేస్తే మూడో రోజు మధ్యాహ్నం విమానానికి ఒక రోజు దాటుతుంది, ఇబ్బంది లేదు. తిరుగు ప్రయాణం రోజున మాత్రం డైవింగ్ ఊసే ఎత్తొద్దు. నీళ్ల పైన తేలుతూ చూసే స్నార్కెలింగ్‌కు ఈ బెడద లేదు.

పిల్లలకు కనీసం పదేళ్లు ఉండాలి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకూడదు. ఫారంలో ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు దాచకుండా జవాబివ్వండి. జలుబు చేసినా ఆ రోజుకు మానేయండి, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు.

మొసళ్లు ఉంటాయని విన్నాం. నిజమేనా?

నిజమే. అండమాన్ మడ అడవుల్లో, వాగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్‌లో ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. భయపడి మానుకోవాల్సిన పని లేదు, హద్దులు పాటిస్తే చాలు. ఈతకు కేటాయించిన చోటే దిగాలి, లైఫ్‌గార్డు ఈల వేస్తే బయటికి రావాలి, చీకటి పడ్డాక నీళ్లలో ఉండకూడదు. వాగు సముద్రంలో కలిసే చోటుకు పిల్లల్ని అస్సలు పోనివ్వొద్దు. "ఇక్కడ నీళ్లు నిలకడగా ఉన్నాయి కదా" అని మనవాళ్లు వెతుక్కుని వెళ్లేది సరిగ్గా అలాంటి చోట్లకే.

ఫెర్రీలో వాంతులవుతాయా?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. వానాకాలంలో కొందరికి కడుపులో తిప్పుతుంది. ఎక్కే ముందు బజ్జీలు, పూరీలు వద్దు, ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. పడవ మధ్యలో, కింది అంతస్తులో సీటు అడగండి, అక్కడ ఊపు తక్కువ. మాత్ర వేసుకునేవాళ్లు బయల్దేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే నిలవదు. పిల్లలకు డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు.

బారాటాంగ్ గుహలు, జారవాలను చూడటం?

సున్నపురాతి గుహల కోసం బారాటాంగ్ వెళ్లాలంటే తెల్లవారుజామున మూడు, నాలుగింటికే పోర్ట్ బ్లెయిర్ నుంచి బయల్దేరాలి. వాహనాలన్నీ ఒక బారుగా పోలీసు కాపలాతో జారవాలనే ఆదిమ తెగవాళ్లు ఉండే అడవి గుండా వెళతాయి. ఆగడం, ఫొటో తీయడం, ఏమైనా ఇవ్వడం నేరం. రోజంతా పట్టే ప్రయాణం, చిన్నపిల్లలతో వారాంతంలో పెట్టుకోవద్దు.

ఇక "జారవాలు కనిపిస్తారా" అన్న ప్రశ్న. వాళ్లు చూడటానికి వెళ్లే వింత కాదు. అది వాళ్ల ఇల్లు. బయటివాళ్ల జబ్బులను తట్టుకునే శక్తి వాళ్ల ఒంటికి తక్కువ, మనకు మామూలు జ్వరం వాళ్ల గుంపు మొత్తానికి ముప్పు. పిల్లలకు ఈ మాట ఇంటి దగ్గరే చెప్పండి.

సెల్యులర్ జైలు పిల్లలకు అర్థమవుతుందా? బరువుగా ఉంటుందేమో?

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు అర్థమవుతుంది, పక్కన ఎవరైనా నిలబడి చెబితే. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ కొమ్మల్లా ఏడు పొడవాటి కట్టడాలు. ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక కొమ్మలోని గదుల ముందువైపు పక్క కొమ్మ వెనక గోడకు ఎదురుగా ఉంటుంది, ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనిపించకూడదని.

ఒక గది తలుపు దగ్గర ఆగి గడియ చూపించండి. తలుపు నుంచి పక్కకు జరిపి, గోడలో ఒక గూడు తొలిచి అందులోకి గడియ దించారు. పిల్లవాడిని లోపల నిలబెట్టి, ఊచల్లోంచి చెయ్యి బయటికి చాచి గడియ అందుకోమనండి. అందదు. ఆ కట్టడం ఎందుకోసమో దాంతో తెలిసిపోతుంది.

మన తెలుగువాళ్ల సంగతీ అక్కడే చెప్పండి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకర వెంకటాచారి ఇక్కడ ఖైదీ. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరనూ అండమాన్‌కే పంపారు. ఆయన తర్వాత 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. గైడ్లు సావర్కర్ గది దగ్గర ఎక్కువసేపు చెబుతారు, ఈ పేర్లు మనమే చెప్పుకోవాలి.

సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. రెండో రోజు ఫెర్రీ సమయానికి వస్తే చూడొచ్చు, పిల్లలు అలిసిపోతే వదిలేయండి.

అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా. నడవగలిగే పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉండేది జెట్టీలే. ఫెర్రీలోకి వేసే చెక్క వంతెన కెరటాలకు కదులుతుంది. సిబ్బంది చెయ్యి పట్టుకుని ఎక్కిస్తారు, మొహమాటపడకుండా అడగండి. జైలు పై అంతస్తుకు మెట్లున్నాయి, కింద చూసి ఆగిపోయినా నష్టం లేదు. రాస్ ద్వీపంలో బ్యాటరీ బండ్లు నడుస్తాయి, మర్రి జాతి చెట్ల వేళ్లు అల్లుకున్న పాత గోడలు, మధ్యలో తిరిగే జింకలు పెద్దలకూ పిల్లలకూ నచ్చుతాయి. రోజూ వేసుకునే మందులు రెండు రోజులు ఎక్కువగా పెట్టుకోండి. హావ్‌లాక్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పెద్ద ఆస్పత్రి అంటే పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రే.

తెలుగు నడుస్తుందా? మన భోజనం దొరుకుతుందా?

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆటో ఎక్కి పిల్లలతో తెలుగులో మాట్లాడుతుంటే, ముందు సీట్లోంచి "ఏ ఊరండీ మీది?" అని ఉత్తరాంధ్ర యాసలో పలకరింపు రావచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో అన్నం, సాంబారు, పెరుగుతో భోజనం సులభంగా దొరుకుతుంది. హావ్‌లాక్‌లో చేపలదే రాజ్యం. శాకాహారులకు కూర, పప్పు, రొట్టె దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువే, ఎందుకంటే చాలా సరుకులు పడవ మీదే రావాలి. చిన్నపిల్లలుంటే పొడులు, అటుకులు, ఒక చిన్న నెయ్యి డబ్బా సంచిలో వేసుకోండి.

ఫోన్లు పనిచేస్తాయా?

2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మెరుగైంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఇబ్బంది ఉండదు. హావ్‌లాక్ తీరాల్లో, ఫెర్రీలో సిగ్నల్ పోతూ ఉంటుంది కాబట్టి కొంత నగదు దగ్గరుంచుకోండి. టికెట్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పిల్లలు గవ్వలు ఏరుకుంటే తెచ్చుకోవచ్చా?

వద్దు. పగడపు ముక్క, శంఖం, గవ్వ ఏదైనా ఒడ్డున ఏరి తెచ్చుకోవడం చట్టరీత్యా కుదరదు. విమానాశ్రయంలో స్కానర్‌లో పట్టేస్తారు, పిల్లలు ఏడుస్తారు. అసలు కారణం మాత్రం ఇసుక మీదే కనిపిస్తుంది. అందంగా ఉందని గవ్వ తీసి అరచేతిలో పెట్టుకుంటే కాసేపటికి అందులోంచి కాళ్లు బయటికొస్తాయి. ఖాళీ గవ్వలో కాపురం పెట్టిన పీత అది. ఒళ్లు పెరిగినప్పుడల్లా ఇంకో పెద్ద గవ్వ వెతుక్కుంటుంది. మనం గవ్వలన్నీ తెచ్చేసుకుంటే దానికి ఇల్లుండదు. ఈ మాట చెబితే అయిదేళ్ల పిల్లలు కూడా గవ్వను తీసిన చోటే పెట్టేస్తారు. గుర్తుగా ఏదైనా కావాలంటే రసీదు ఇచ్చే దుకాణంలో కొని, ఆ రసీదు దగ్గర ఉంచుకోండి.

ఏ నెలల్లో అప్పటికప్పుడు బయల్దేరొచ్చు?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ధైర్యంగా. మే మధ్యలో నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది అక్కడే, ఆ తర్వాత వానలు, కెరటాలు. అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతంలో వాయుగుండాలు వస్తాయి. ఆ నెలల్లో బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా డబ్బు కట్టొద్దు.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

తొందరగా ఆరే బట్టలు, పొడుగు చేతుల చొక్కాలు, టోపీలు, నీళ్లలో జారని చెప్పులు, నీళ్ల సీసాలు, తడి బట్టలకు ఒక సంచి. ఇసుక ఈగలు కుట్టిన చోట దురద తగ్గడానికి ఒక క్రీము. తలా ఒక వీపు సంచికి మించితే జెట్టీల్లో మోయలేరు.

ఇంతా చేశాక ఫెర్రీ రద్దయిందంటే?

వెళ్లేటప్పుడు రద్దయితే బాధపడుతూ జెట్టీలో కూర్చోకండి. టికెట్ డబ్బు వాపసు గురించి కౌంటర్‌లో అడిగి, పోర్ట్ బ్లెయిర్‌లోనే గది తీసుకోండి. ఆ సాయంత్రం చిడియా టాపు, మర్నాడు పొద్దున అబెర్డీన్ జెట్టీ నుంచి రాస్ ద్వీపం, మధ్యాహ్నం కార్బిన్స్ కోవ్‌లో పిల్లలకు ఇసుక ఆట. వచ్చేటప్పుడు రద్దయితే ముందు హోటల్‌వాళ్లకు చెప్పి గది ఇంకో రాత్రి ఉంచుకోండి, తర్వాత పొద్దున్నే బయల్దేరే మొదటి ఫెర్రీ ఏదైనా సరే అందులో సీట్లు అడగండి. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌కి కేటాయించుకున్నారు కాబట్టి ఆ ఫెర్రీ ఎక్కినా విమానం అందే అవకాశం ఉంటుంది. విమానం మార్చాల్సి వస్తుందనిపిస్తే ఆ రాత్రే విమాన సంస్థకు ఫోన్ చేయండి, పొద్దున దాకా ఆగితే జెట్టీలో ఉన్నవాళ్లంతా అదే నంబరుకు ఫోన్ చేస్తుంటారు.